కత్తి కాదు, కెమెరా సంగతి చూడండి

అర్ధరాత్రి. ఇంట్లో అమ్మాయి ఒక్కతే ఉంటుంది. పెరట్లో ఏదో చప్పుడు. "ఎవరూ?" అంటూ తలుపు తీస్తుంది. అంతే! తర్వాత ఏం జరుగుతుందో ఇలాంటి సినిమాలు చూసేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ముసుగు వేసుకున్న హంతకుడు ఒక్కొక్కరినే వెంటాడి చంపే ఈ కథల్ని అమెరికాలో స్లాషర్ సినిమాలంటారు.

వీటికి పేరున్న తారలు అక్కర్లేదు. ఒక ఇల్లు, నలుగురు కొత్తవాళ్ళు, ఓ ముసుగు ఉంటే చాలు. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్'కి అయిన ఖర్చు సుమారు 3 లక్షల 25 వేల డాలర్లు. ఒక్క అమెరికాలోనే దానికి 4 కోట్ల 70 లక్షల డాలర్లు వచ్చాయి. 1980లో 'ఫ్రైడే ద థర్టీన్త్'ని ఐదున్నర లక్షల్లో తీస్తే దాదాపు 4 కోట్లు వచ్చాయి. ఇంత లాభం కళ్ళబడ్డాక నిర్మాతలు ఊరుకుంటారా? అలాంటివే వరసగా తీశారు.

"వీటిలో మగవాళ్ళూ చస్తారుగా, ఆడవాళ్ళ గురించే ఈ గోల ఎందుకు?" అని కొందరు అడుగుతుంటారు. నిజమే, మగవాళ్ళూ చస్తారు. కానీ మనం లెక్కపెట్టాల్సింది శవాల్ని కాదు, నిమిషాల్ని. మగవాడి చావు చాలాసార్లు చటుక్కున అయిపోతుంది. ఆడపిల్లకి ఆ పాటి దయ కూడా ఉండదు. ఆమె పరుగెత్తాలి, పడిపోవాలి, ఏడవాలి, కాళ్ళావేళ్ళా పడాలి. అంతసేపూ కెమెరా ఆమె భయాన్నీ, చాలాసార్లు అరకొర బట్టల్లో ఉన్న ఒంటినీ వదిలిపెట్టదు.

పైగా మనం ఎవరి కళ్ళతో చూస్తున్నాం? 'హాలోవీన్' మొదట్లో జరిగే హత్యంతా హంతకుడి కళ్ళలోంచే చూపిస్తారు. అక్కని పొడిచింది ఆరేళ్ళ తమ్ముడని తర్వాత తెలుస్తుంది. అక్కడ కత్తి పట్టుకున్న చెయ్యి ఆ సినిమా నిర్మాత, సహరచయిత్రి డెబ్రా హిల్‌ది! 'ఫ్రైడే ద థర్టీన్త్'లోనైతే హంతకురాలే ఒక తల్లి. కత్తి ఆడదాని చేతిలో ఉన్నంత మాత్రాన చూసే చూపు మారదన్నమాట.

1980లోనే చికాగో విమర్శకులు జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ తమ టీవీ కార్యక్రమంలో ఈ ధోరణిని గట్టిగా విమర్శించారు. ఆడవాళ్ళు హక్కులడుగుతున్న కాలంలో "మీ హద్దుల్లో మీరుండండి" అని వాళ్ళని బెదిరించడమే ఇదని వాళ్ళ అభిప్రాయం. అలాగని వాళ్ళు భయపెట్టే సినిమాలన్నిటినీ తిట్టలేదు. 'హాలోవీన్'ని మెచ్చుకున్నారు కూడా.

ప్రియుడితో గడిపిన అమ్మాయి చస్తుంది, బుద్ధిగా ఉన్న అమ్మాయి బతుకుతుంది. ఈ సినిమాల్లో ఎక్కువగా కనిపించే సూత్రమిది. తన ఉద్దేశం అది కాదని కార్పెంటర్ అన్నాడు. ఉద్దేశం ఏదైనా, చూసేవాళ్ళ మనసులో ఏం నాటుకుంటుంది? "ఆ వేళప్పుడు ఎందుకు వెళ్ళింది? ఆ బట్టలేమిటి?" అని మన వీధుల్లో వినిపించే మాటలకీ, దీనికీ ఎంత దూరం?

చివరికి మిగిలి, హంతకుణ్ణి ఎదిరించే అమ్మాయికి కరోల్ క్లోవర్ అనే అధ్యాపకురాలు 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. 1992లో వచ్చిన ఆమె పుస్తకం ప్రకారం మగ ప్రేక్షకులు కూడా చివరికి ఆ అమ్మాయి పక్షానే నిలబడతారు. ఒప్పుకోదగ్గ మాటే. కానీ ఆ ఒక్కతే గెలవడానికి ముందు ఎంతమంది ఆడపిల్లలు వేడుకైపోవాలి?

ఆడవాళ్ళే తీస్తే మారుతుందా అంటే, అదీ అంత సులువు కాదు. 1982లో వచ్చిన 'ద స్లంబర్ పార్టీ మాసకర్'కి దర్శకురాలు ఎమీ హోల్డెన్ జోన్స్. స్త్రీవాద రచయిత్రి రీటా మే బ్రౌన్ ఆ కథని ఈ సినిమాల మీద వ్యంగ్యంగా రాసింది. తెర మీదికి వచ్చేసరికి అది చాలావరకు మామూలు స్లాషరే అయింది. చివర్లో అమ్మాయిలు హంతకుడి మీద తిరగబడి, అతని డ్రిల్లునే నరికేస్తారు. కానీ ముందు వచ్చే స్నానాల గది దృశ్యంలో కెమెరాది మాత్రం పాత దారే.

ఈ సినిమాలు ఇప్పుడు పిల్లల చేతిలోని ఫోన్లోకే వస్తున్నాయి. వద్దంటే దొంగచాటుగా చూస్తారు. అందుకే పక్కన కూర్చుని అడగండి. "కెమెరా ఎవరి వైపుంది? చచ్చిపోయిన అమ్మాయి కోసం ఈ కథలో ఎవరైనా ఏడ్చారా?" అని. మైకేల్, జేసన్ అనే హంతకుల పేర్లు వాళ్ళకి నోటికొచ్చు. వాళ్ళ చేతిలో పోయిన ఆడపిల్లల్లో ఒక్కరి పేరైనా చెప్పమనండి. చెప్పలేకపోతే కోప్పడకండి. ఎందుకు గుర్తులేదో కాసేపు ఇద్దరూ మాట్లాడుకోండి.