ఈ-మెయిల్ బృందానికి రాసేటప్పుడు పాటించవలసిన మర్యాదలు

1. పరిచయం

ఉత్తరం ఒకరికి రాస్తాం. నోటీసు పదిమందీ చూసేచోట అంటిస్తాం. ఈ-మెయిల్ బృందానికి రాసే సందేశం చూడటానికి ఉత్తరంలా ఉంటుంది, చేరటం మాత్రం నోటీసులా అందరికీ చేరుతుంది. ఈ తేడాను మరచిపోవటం వల్లనే బృందాలలో చాలా చిక్కులు వస్తాయి.

దూరవిద్యలో చదివే మీకు రోజూ తరగతి ఉండదు. సందేహం అడగటానికీ, పరీక్ష రుసుము గడువు తెలుసుకోవటానికీ తోటి విద్యార్థుల బృందమే చాలాసార్లు ఆధారం. కాబట్టి అక్కడ రాసే తీరు మీ చదువుకు కూడా సంబంధించిన విషయమే.

2. నేపథ్యం

నెట్‌వర్క్ ద్వారా ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు ఈ-మెయిల్ పంపే పద్ధతిని 1971లో రే టామ్లిన్‌సన్ రూపొందించాడు. ఒక చిరునామాకు పంపిన సందేశం సభ్యులందరికీ దానంతటదే చేరేలా చేసే 'లిస్ట్‌సర్వ్' సాఫ్ట్‌వేర్‌ను 1986లో ఎరిక్ థామస్ రాశాడు.

ముఖం, గొంతు లేని చోట హాస్యం కూడా అవమానంగా ధ్వనిస్తుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ 1982లో నవ్వు గుర్తును ప్రతిపాదించినది ఈ ఇబ్బందిని తప్పించటానికే.

1995 అక్టోబరులో శాలీ హాంబ్రిడ్జ్ కూర్చిన 'ఆర్.ఎఫ్.సి. 1855' అనే పత్రం ఈ మర్యాదలను ఒకచోట చేర్చింది. కొత్త సభ్యులు ఒకటి రెండు నెలలు చదివిన తరువాతే రాయాలనీ, ఆవేశం కలిగితే ఒక రాత్రి ఆగి జవాబివ్వాలనీ, సంతకం నాలుగు పంక్తులు మించకూడదనీ అది సూచించింది. ఆనాడు చాలామంది నిమిషాల లెక్కన ఇంటర్నెట్‌కు డబ్బు కట్టేవారు. నేడు ఆ ఖర్చు తగ్గింది, చదివేవారి సమయం విలువ తగ్గలేదు.

3. ముఖ్యమైన పద్ధతులు

అ) విషయ పంక్తి: 'అర్జెంట్', 'సార్, ఒక డౌటు' అని రాస్తే జవాబు తెలిసినవారు కూడా తెరవకుండా వదిలేస్తారు. 'ద్వితీయ సంవత్సరం అర్థశాస్త్రం – అసైన్‌మెంట్ గడువు' అని రాయండి.

ఆ) జవాబు: పాత సందేశం మొత్తాన్నీ కింద వేలాడదీయకండి. మీరు దేనికి జవాబిస్తున్నారో ఆ రెండు వాక్యాలు ఉంచితే చాలు.

ఇ) ఒకరికా, అందరికా?: 300 మంది ఉన్న బృందానికి 'థాంక్స్' అని పంపారనుకోండి. ఒక్కొక్కరికి అర నిమిషం పట్టినా మొత్తం రెండున్నర గంటలు. కృతజ్ఞతలు ఆ ఒక్కరికే చెప్పండి. 'పంపు' నొక్కేముందు చిరునామా మరోసారి చూడండి.

ఈ) గోప్యత: హాల్‌టికెట్ నంబరు, ఫోన్ నంబరు, మార్కుల పత్రం వంటివి, మీవైనా ఇతరులవైనా, బృందానికి పంపకండి. పదిమంది పెట్టెలలోకి చేరినదాన్ని వెనక్కి తీసుకోలేరు.

ఉ) విన్న వార్త: 'పరీక్ష వాయిదా పడిందట' అని ఒకరు రాస్తారు. మూడోవారి దగ్గరకు వచ్చేసరికి ఆ 'అట' రాలిపోయి 'వాయిదా పడింది' అవుతుంది. దాన్ని నమ్మి ఊళ్ళోనే ఉండిపోయిన విద్యార్థి పరీక్ష పోగొట్టుకుంటాడు. విశ్వవిద్యాలయ ప్రకటన చూడనిదే అటువంటి వార్త పంపకండి. చూసి పంపేటప్పుడు ప్రకటన తేదీ కూడా రాయండి.

4. తెలుగులో రాసేటప్పుడు

ఇంగ్లీషులో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తే అరిచినట్లు భావిస్తారు. మన లిపిలో పెద్ద అక్షరాలు లేవు. రోమన్ లిపిలో తెలుగు రాయటానికి వాడిన ఆర్.టి.ఎస్. పద్ధతిలోనైతే 'ణ', 'ళ' వంటి ధ్వనులను చూపటానికే పెద్ద అక్షరాలు వాడతారు.

తెలుగులో కోపం సర్వనామంలో కనిపిస్తుంది. 'మీరు' అంటున్నవారు 'నువ్వు' అనగానే తగాదా మొదలైనట్లే. 'తమరి వంటి పండితులు' అనటం అంతకన్నా గట్టి దెబ్బ. బృందంలో అందరి వయసూ మీకు తెలియదు. ఇల్లు, ఉద్యోగం చూసుకుంటూ నలభై ఏళ్ళకు డిగ్రీలో చేరినవారు కూడా ఉంటారు. కాబట్టి అందరినీ 'గారు' అని, 'మీరు' అని సంబోధించటం క్షేమం.

5. పాత సభ్యుల బాధ్యత

కొత్తవారు తప్పు చేస్తే వారికొక్కరికే విడిగా చెప్పండి. 'ఈ మాత్రం తెలియదా?' అని అందరి ముందూ అంటే ఆ విద్యార్థి మళ్ళీ ప్రశ్న అడగడు. దూరవిద్యలో ప్రశ్న అడగటం మానుకున్నవారు మెల్లగా చదువే మానుకునే ప్రమాదం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీరు ఇటీవల ఒక బృందానికి పంపిన సందేశానికి సరైన విషయ పంక్తి రాయండి.
2. 'అట' అనే పదం రాలిపోవటం వల్ల కలిగే నష్టాన్ని సొంత ఉదాహరణతో వివరించండి.