టిఫిన్ బాక్సు నిండుగా తిరిగొస్తే

బదిలీ మీద బ్రూక్షాబాద్ వచ్చిన మనందరికీ ఇది తెలిసిన సంగతే. కొత్త బడిలో మొదటి వారం, మధ్యాహ్నం గంట కొట్టాక ఎవరి పక్కన కూర్చోవాలో తోచదు. టిఫిన్ బాక్సు మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్తాం. నలుగురు స్నేహితులు దొరకగానే ఆకలీ తిరిగొస్తుంది.

కొందరికి రాదు. లావైపోతామన్న భయంతో తిండి తగ్గిస్తూనే పోతారు. ఇంకొందరు అదుపు లేకుండా తినేసి, తర్వాత కుమిలిపోతారు. ఇది అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ వస్తుంది. మన ఇళ్ళలో దీన్ని మొండితనం అంటాం. నిజానికి ఇది జబ్బు. దీనిలో ఒక రకానికి విలియం గల్ అనే లండన్ వైద్యుడు 1874లోనే 'అనొరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టాడు.

దీనికి ఒక్క చికిత్స చాలదు, రెండు మూడు పద్ధతులు కలపాలి. అయితే వరుస ముఖ్యం. మొదట తిండి, ఆ తర్వాతే మాటలు. ఎందుకో చూడండి. 1944లో అమెరికాలోని మినెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆరు నెలల పాటు వాళ్ళకు అరకొర తిండే పెట్టారు. వాళ్ళ ధ్యాసంతా తిండి మీదే. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. చిరాకు, దిగులు పెరిగాయి. నలుగురితో కలవడం మానేశారు. ఆకలి మనసునే మార్చేస్తుందన్నమాట. అలాంటి మనసుకు నచ్చజెప్పాలనుకుంటే కుదరదు.

అందుకే లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సలో ముందు అమ్మానాన్నలే భోజనం బాధ్యత తీసుకుంటారు. తప్పెవరిదని వెతకరు. పక్కన కూర్చుని తినిపిస్తారు. ఒళ్ళు కుదుటపడ్డాక ఆ బాధ్యతను కొద్దికొద్దిగా పిల్లలకే అప్పగిస్తారు. 'సన్నగా ఉంటేనే నాకు విలువ' వంటి ఆలోచనలను పరీక్షించి సరిదిద్దుకోవడం మరో పద్ధతి. దుఃఖం, కోపం ముంచుకొచ్చినప్పుడు తట్టుకునే మెలకువలు నేర్పేది ఇంకొకటి. నాడినీ రక్తాన్నీ గమనించే డాక్టరు మొదటి నుంచీ ఉండాలి. వీళ్ళందరిదీ ఒకే మాట కావాలి. అమ్మ ఒకటి, డాక్టరు ఇంకొకటి చెబితే జబ్బు ఆ సందులో దూరుతుంది.

మనకు ఇంకో చిక్కుంది. చికిత్స సగంలో ఉండగా బదిలీ ఆర్డరు వస్తుంది. సామాన్లతో పాటు వైద్యం కాగితాలూ సర్దుకోవాలి, కొత్త ఊళ్ళో డాక్టరు ఎవరో ముందే కనుక్కోవాలి. చుట్టూ సముద్రమే అయినా టెలిమానస్ నంబరు 14416 ఇక్కడి నుంచీ పనిచేస్తుంది. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

కొత్తగా చేరినవాళ్ళ బాక్సు వారాల తరబడి అలాగే వెనక్కి వెళ్తోందా? 'సన్నబడ్డావే!' అనకండి. పక్కన చోటివ్వండి, మాకూ చెప్పండి.