ఏ నేలకు ఏ చెరకు?
అమెరికా దేశపు తోటలలో రకముల పరీక్ష

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. అయినను ఒకే విత్తు రెండు నేలలలో వేసినపుడు ఒక చోట ఏపుగా బలిసి, మరియొక చోట రెల్లుపుల్లవలె సన్నగిల్లుట తోటపనివారందరు చూచిన సంగతియే. స్వగ్రామమునుండి చుట్టములు ప్రేమతో తెచ్చిన బీరగింజలు కొండమీది లైనులలో వేసినపుడు తీగ సాగియు కాయపట్టకపోవుట తల్లులెరుగనిది కాదు. గింజ చెడ్డదని కొందరు, వేసిన చేయి మంచిది కాదని కొందరు అందురు. గింజయు మంచిదే, చేయియు మంచిదే కావచ్చును. ఆ గింజ ఆ చోటికి తగునా యని ముందుగా ఎవరును పరీక్షించి చూడలేదు, అంతియే.

పెరటిలో ఈ పొరపాటునకు వెల ఒక గంపెడు కాయలు. వేల యెకరముల తోటలో దాని వెల వందల కుటుంబముల కూలి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ పాఠమును చెరకు తోటలవారు రెండు చోట్ల నేర్చుకొనిరి. పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపములు ఒకటి, దక్షిణమున మిసిసిపి నది ముఖద్వారమునందలి లూసియానా రాష్ట్రము రెండవది.

హవాయి ద్వీపములలో మెట్టకును మాగాణికిని ఉన్న భేదము మన దేశములో ఒక జిల్లాకును మరియొక జిల్లాకును ఉన్నదానికంటె ఎక్కువ. గాలి యెదురుగా కొట్టు హీలో తీరమున ఏటికి నూట ఇరువది అంగుళములకు మించి వాన కురియును. ఓవాహు ద్వీపమున ఎవా అను చోట ఇరువది అంగుళములు కురిసిన గొప్ప. అచ్చట ఎండ మెండు, నీరు మాత్రము కాలువలవలనను బావులవలనను రావలసినదే. కొండ దిగువ చేనికిని ఎగువ చేనికిని కూడ చలిలోను మబ్బులోను ఎంతో తేడా కలదు.

1854వ సంవత్సరమున తిమింగిలముల వేటకు పోవు ఓడ యొకటి తాహితి ద్వీపమునుండి ఒక చెరకును తెచ్చి మావీ ద్వీపమునందలి లహైనా రేవున దించెను. ఆ రేవు పేరే చెరకునకు వచ్చినది. ఎండయు కాలువనీరును గల చోట్ల లహైనా చెరకు రసములోను బరువులోను పేరు పొందెను. వాన విస్తారముగా కురియు హీలో వైపున అది నిలువలేదు. అక్కడ పసుపు కాలిడోనియా యను చెరకు పాతుకొనెను. దీనికి మరియొక గుణమును కలదు: ఎండుటాకును తనంత తానే రాల్చును. ఆ దినములలో ఎండుటాకు ఒలుచు పనిని హవాయి తోటలలో హోలెహోలె అనెడివారు. జపాను దేశమునుండి వచ్చిన స్త్రీలు పెక్కుమంది ఆ పని చేసిరి. ఆకు అంచులు చేతులను కోయును, నూగు ఒంటిని దురదపెట్టును. కనుక ఏ రకము నాటుదురను మాట దొరల లెక్కపుస్తకమునకు మాత్రమే సంబంధించినది కాదు.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున లహైనా చెరకు వేళ్లు కుళ్లి, దుబ్బులు క్షీణింపసాగెను. తోటల యజమానుల సంఘము 1895లోనే హొనొలూలూలో ఒక ప్రయోగశాలను నెలకొల్పి యుండెను. అచ్చటివారు చెరకు పూతనుండి గింజ తీసి మొలిపించిన వేలకొలది మొలకలలో హెచ్. 109 అను ఒక మొలక, లహైనా తల్లికి పుట్టినదే, ఎవా వంటి సాగునీటి తోటలలో తల్లిని మించినది. వెంటనే అందరికి అదే కావలసి వచ్చెను. అయితే మబ్బును చలియు తేమయు గల చేలలో దాని ఆకులపై కన్నువంటి మచ్చలు పుట్టి మోగి మాడిపోయెను. ఎండచేనిలో రాజు, మబ్బుచేనిలో రోగి! ఇట్టి అనుభవముతరువాతనే ప్రయోగశాలవారు ఒక్క చోట మొలకలను ఏరి అన్ని తోటలకు పంపు పద్ధతిని విడిచిరి. ఎండగల సాగునీటి నేల, మబ్బుగల సాగునీటి నేల, వానమీద ఆధారపడిన దిగువ నేల, అట్టిదే ఎగువ నేల అని విడదీసి, ఆయా చోట్లనే మొలకలను పెంచి ఆయా చోట్లకు ఏరసాగిరి.

లూసియానా కథ ఇంకను కఠినమైనది. అక్కడ చెరకునకు హవాయివలె రెండేండ్ల గడువు లేదు. శీతకాలమున మంచు గడ్డకట్టును గనుక తొమ్మిది నెలలలోనే పంట ముగియవలెను. 1919 ప్రాంతమున ఆకులపై లేతపచ్చ చారలు తెచ్చు మొజాయికు తెగులు అక్కడ కనబడెను. పాతకాలపు ఊదా చెరకు, చారల చెరకు, డి. 74 అను రకము దానికి లొంగిపోయెను. మంచి యేండ్లలో మూడు లక్షల టన్నులకు మించి పంచదార తీసిన ఆ రాష్ట్రమున 1926లో నలుబది యేడు వేల టన్నులు మాత్రమే వచ్చెను. గానుగలు మూతపడెను. చెరకు నరికి బ్రదుకు నల్లజాతి కూలి కుటుంబములకు నరకుటకు చెరకు లేకపోయెను.

మొదట జావా ద్వీపపు పి.ఓ.జె. రకములు వచ్చి తోటలను నిలబెట్టెను. ఆ వెనుక 1930 దశకమున కో. 281, కో. 290 అను రెండు రకములు వచ్చెను. ఈ "కో." అనునది కోయంబత్తూరు. నాటి మద్రాసు రాజధానిలో 1912న స్థాపింపబడిన చెరకు పరిశోధనాలయమున బార్బరు దొరగారును, తరువాత టి. ఎస్. వెంకట్రామన్ గారును తియ్యని లావు చెరకును నదుల గట్లమీది రెల్లుగడ్డితో సంకరపరచిరి. ఎవరును లెక్కసేయని రెల్లే చలికి ఓర్చును, నీటి ఎద్దడికి ఓర్చును, కోసినకొలది మరల పిలకలు వేయును. అట్లు పుట్టిన మొదటి పేరుపొందిన రకము కో. 205, అది 1918లో ఉత్తర హిందూస్థానపు చలిప్రాంతములకై విడుదలయ్యెను. కో. 281 వంశములోను రెల్లు కలదు. లావు చెరకునకు అలవాటుపడిన దక్షిణదేశపు రైతు దానిని చూచి పెదవి విరువవచ్చును. లూసియానాలో చలి ముంచుకొని వచ్చినపుడు చెరకును కోసి చాళ్లలో పరచి ఆకుతో కప్పియుంచుట ఆనాటి వాడుకగా ఉండెను. అట్లుంచినను దాని రసము త్వరగా చెడకుండుటచేత అక్కడివారు దానిని మెచ్చుకొనిరి. చెరకు గుణము మారలేదు, అది నిలిచిన చోటు మారినది.

ఇక పరీక్ష యెట్లు చేయుదురో చెప్పవలెను, ఏలయనగా మోసమంతయు ఇందులోనే కలదు. బంగళా ముందరి చేనికి ఎరువు ఎక్కువ, నీరు ఎక్కువ, దొరగారి చూపు ఎక్కువ. అచ్చట గెలిచిన రకము వెనుకటి చవుడు చేలలో గెలుచునని నమ్మరాదు. కనుక లూసియానాలో మొదట ప్రయోగశాల పొలములోను, అటుపిమ్మట రైతుల సొంత పొలములలోను పెక్కుచోట్ల నాటుదురు. అక్కడ ఏటి గట్టు ప్రక్క నేల మన గోదావరి లంకలవలె తేలికయైన ఒండ్రు. గట్టునుండి వెనుకకు పోయినకొలది బరువైన జిగట నేల. రెండింటను నాటి చూడవలసినదే. ప్రతి చోటను ఒక్కొక్క రకమునకు ఒక్క మడి చాలదు. మూడు నాలుగు మడులు వేసి, ఏ మడిలో ఏ రకమను దానిని చీట్లు వేసినట్లు నిర్ణయింతురు. లేనిచో మంచి మడి తనకు నచ్చిన రకమునకే ఇచ్చుట మనుష్యుని స్వభావము. ప్రక్కనే అందరెరిగిన పాత రకమును పోలికకై నాటుదురు. తూకమును రసమును మొక్కతోటలో ఒకసారి, మొదటి కార్శిలో ఒకసారి, రెండవ కార్శిలో ఒకసారి చూతురు. మొక్కతోటలో వెలిగి కార్శిలో చచ్చు రకములు ఎన్నో కలవు. ఒక రకము మొలకనుండి విడుదల వరకు ఇంచుమించు పండ్రెండేండ్లు పట్టును.

ఇన్ని చోట్ల లెక్కలు వచ్చిన తరువాత వాటిని చదువుట యెట్లు? అయోవా రాష్ట్రమునందలి ఎబర్‌హార్ట్, రస్సెల్ అను ఇద్దరు మొక్కజొన్న పరిశోధకులు 1966లో ఒక ఉపాయమును ప్రకటించిరి. ఒక చోట నాటిన అన్ని రకముల సగటు పంటయే ఆ చోటి బలిమికి కొలత యని వారనిరి. చోట్లను బీదదానినుండి ధనికమైనదాని వరకు వరుసగా పెట్టి, ఒక్కొక్క రకము ఆ వరుసతో ఎట్లు పెరుగునో చూడవలెను. బాగుగా మేపినపుడు బండిని పరుగెత్తించి, మేత తగ్గగానే చతికిలబడు ఎద్దువంటి రకములు కొన్ని. ఎక్కడనైనను ఒకే నడక నడచునవి కొన్ని. ఒక యేడు లాగి మరుయేడు కాడి దించునవి మరికొన్ని. వాటిని లెక్కలో పట్టుకొనుటయే కష్టము. ఎరువు కొనగల తోటకు మొదటి రకము లాభము. కొద్ది నేలగల బీదవానికి రెండవదే మేలు, సగటు తూకములో అది క్రిందనున్నను.

ఇంత పరీక్షించినను తప్పనిది ఒకటి కలదు. 1993లో లూసియానావారు ఎల్.సి.పి. 85-384 అను చెరకును విడుదల చేసిరి. పాత రకములకంటె ఎకరమునకు ఐదవ వంతుకు మించి ఎక్కువ పంచదార ఇచ్చెను, కార్శిలో మిక్కిలి చక్కగా నిలిచెను. 2004 నాటికి రాష్ట్రపు చెరకు భూమిలో నూటికి తొంబది వంతులు అదే. పరీక్షలలో అబద్ధమేమియు లేదు. కాని ఇంతలో కపిలవర్ణపు త్రుప్పు తెగులు ఆ రకమును పట్టుటకు నేర్చుకొనెను. నేల మారలేదు, వాన మారలేదు, గాలిలోని శత్రువు మారెను. అన్ని చేలలో ఒకే చెరకు ఉండుటచే తెగులునకు అడ్డు లేకపోయెను. అప్పటికే పరీక్షలో నెగ్గి 2003లో విడుదలయిన హెచ్.ఓ.సి.పి. 96-540 అను రకము చేతిలో ఉండబట్టి తోటలు మరల 1926ను చూడలేదు.

హవాయిలో ఈ పని ముగిసినది. మావీ ద్వీపమునందలి కడపటి చెరకు తోట 2016 డిసెంబరులో మూతపడెను. చెరకును వేరు దేశములలో చౌకగా పండించుటయే అందుకు ముఖ్య కారణము, రకముల లోపము కాదు. లూసియానాలో మాత్రము హూమా పట్టణపు ప్రయోగశాలవారు ఇప్పటికిని ఏటేట రకములను పరీక్షించుచున్నారు. అందులో ఒక పరీక్ష చూచువారికి వింతగా తోచును. చుట్టునున్న చేలన్నియు కోసి గానుగకు తోలిన తరువాత, కొన్ని చాళ్లను బుద్ధిపూర్వకముగా కోయక విడిచి, మంచు గడ్డకట్టు రాత్రికై కనిపెట్టుకొని యుందురు. అది వచ్చి గడలను కాల్చిన తరువాత వారమునకొకసారి ఒక్కొక్క రకమునుండి కొన్ని గడలు నరికి, రసము ఎన్ని వారములు పులియక నిలుచునో వ్రాసికొందురు.