తల్లి తప్పు కాదు.. పిల్లల బద్ధకం కాదు
ఆటిజం, డిస్లెక్సియాల గుట్టు విప్పిన ఊటా ఫ్రిత్ పరిశోధనలు

పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా ఆ పిల్లవాడు తలతిప్పి చూడడు. బొమ్మకారు చేతికిస్తే నడపడు, గంటల తరబడి దాని చక్రాన్నే తిప్పుతూ కూర్చుంటాడు. మరో ఇంట్లో నోటిలెక్కలు చకచకా చెప్పే బాలిక వాచకం తెరవగానే ఒక్కో అక్షరం దగ్గరా తడబడుతుంది. మొదటి బిడ్డను చూసి తల్లి పెంపకం సరిగా లేదంటారు. రెండో బిడ్డకు 'మొద్దు' అన్న ముద్ర పడుతుంది. ఈ రెండు నిందలకూ ఆధారం లేదని శాస్త్రీయంగా నిరూపించిన వారిలో మనస్తత్వ శాస్త్రవేత్త ఊటా ఫ్రిత్ ముఖ్యులు. ఆటిజం, డిస్లెక్సియా రెండింటిపైనా దశాబ్దాల పాటు సాగిన ఆమె పరిశోధనలు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకోదగినవి.

జర్మనీ నుంచి లండన్‌కు
ఊటా ఫ్రిత్ 1941లో జర్మనీలో జన్మించారు. అక్కడ విశ్వవిద్యాలయ చదువు పూర్తిచేసుకొని లండన్ చేరి, మనోరోగ విజ్ఞాన సంస్థలో 1968లో ఆటిజంపై డాక్టరేట్ పొందారు. అనంతరం బ్రిటన్ వైద్య పరిశోధన మండలిలోనూ, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలోనూ పనిచేశారు. 2005లో రాయల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది.

ఆమె పరిశోధన ప్రారంభించిన నాటికి ఆటిజం గురించి తెలిసింది స్వల్పం. అమెరికాలో లియో కానర్ 1943లో తొలిసారి ఈ లక్షణాలను విపులంగా వర్ణించారు. మరుసటి ఏడాది ఆస్ట్రియాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లల గురించే రాశారు. అయితే కారణమేమిటన్న ప్రశ్నకు వచ్చిన సమాధానం దారుణమైనది. తల్లి ప్రేమ కరవై, ఆమె మంచుగడ్డలా ఉండటం వల్లనే బిడ్డ తనలోకి ముడుచుకుపోతాడన్న వాదం బలపడింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ రాసిన పుస్తకం దీనికి మరింత ప్రచారం కల్పించింది. అప్పటికే బిడ్డ కోసం తల్లడిల్లుతున్న వేలాది తల్లులు ఈ నిందను కూడా మోయవలసి వచ్చింది. లోపం పెంపకంలో కాదని, మెదడు సమాచారాన్ని గ్రహించే తీరులోనే తేడా ఉందని ఫ్రిత్, ఆమె గురువులు బియాటె హెర్మెలిన్, నీల్ ఓకానర్ ప్రయోగాలతో చూపించారు.

గోళీ ఎక్కడుంది?
1985లో సైమన్ బారన్-కోహెన్, అలాన్ లెస్లీలతో కలిసి ఫ్రిత్ ప్రచురించిన ప్రయోగం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఇందులో శాలీ, ఆన్ అనే రెండు బొమ్మలుంటాయి. శాలీ తన గోళీని బుట్టలో దాచి బయటకు వెళుతుంది. ఆమె లేనప్పుడు ఆన్ ఆ గోళీని తీసి తన పెట్టెలో పెడుతుంది. శాలీ తిరిగి వచ్చాక గోళీ కోసం ఎక్కడ వెతుకుతుంది? పిల్లలను అడిగే ప్రశ్న ఇంతే.

శాలీకి జరిగిన సంగతి తెలియదు కనుక బుట్టలోనే వెతుకుతుంది. నాలుగేళ్ల పిల్లలు చాలామంది ఈ జవాబు చెబుతారు. నాటి ప్రయోగంలో మామూలు పిల్లలు 27 మందిలో 23 మంది, డౌన్స్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది సరిగ్గా చెప్పారు. ఆటిజం ఉన్న 20 మందిలో మాత్రం 16 మంది గోళీ నిజంగా ఉన్న పెట్టెనే చూపించారు. డౌన్స్ సిండ్రోమ్ పిల్లల కన్నా వీరి మానసిక వయసు ఎక్కువే. కాబట్టి ఇది తెలివితేటలకు సంబంధించిన విషయం కాదని తేలింది. ఎదుటివారి మనసులో ఏముందో, వారికి ఏది తెలుసో ఏది తెలియదో ఊహించే సామర్థ్యం ఈ పిల్లల్లో సహజంగా వికసించకపోవటమే ఇబ్బందికి మూలమని పరిశోధకులు భావించారు. అబద్ధం, పరిహాసం, ఎత్తిపొడుపు వీరికి ఎందుకు అర్థం కావో దీనితో బోధపడింది. పిలిస్తే పలకకపోవడం పొగరు కాదనీ తెలిసింది.

అయితే ఆ పరీక్షలో నలుగురు నెగ్గారు కూడా. ఒక్క సూత్రంతో ఆటిజం మొత్తాన్ని వివరించలేమని గ్రహించిన ఫ్రిత్ 1989లో వెలువరించిన తన గ్రంథంలో మరో వివరణ ఇచ్చారు. సాధారణంగా మనం అడవిని చూసి చెట్లను మరచిపోతాం. ఆటిజం ఉన్నవారు ప్రతి చెట్టునూ గమనిస్తారు గానీ వాటన్నింటినీ కలిపి అడవిగా చూడటం వారికి కష్టమవుతుంది. అందుకే చిత్రంలో దాగిన ఆకారాలను పట్టుకోవటంలో, ముక్కలు పేర్చి నమూనా తయారుచేయటంలో వీరు తోటివారిని మించిపోయే సందర్భాలున్నాయి. దీన్ని లోపంగా కాక, వివరాలపై దృష్టి పెట్టే ప్రత్యేక ఆలోచనా రీతిగా చూడాలని ఫ్రాన్సెస్కా హాపెతో కలిసి 2006లో ఆమె స్పష్టం చేశారు.

అక్షరానికీ ధ్వనికీ నడుమ
డిస్లెక్సియా విషయంలోనూ ఫ్రిత్ కృషి అంతటిదే. పిల్లలు చదవటం మూడు దశల్లో నేర్చుకుంటారని 1985లోనే ఆమె ప్రతిపాదించారు. మొదటి దశలో మాటను బొమ్మలా గుర్తుపడతారు. బిస్కెట్ పొట్లం మీది పేరును అక్షరాలు రాని పిల్లవాడు కూడా చదివేయటం ఇటువంటిదే. రెండో దశలో ఒక్కో అక్షరాన్ని దాని ధ్వనితో జతచేసి కూడబలుక్కుంటారు. మూడో దశలో కూడబలుక్కునే అవసరం లేకుండా మాటను చూడగానే చదువుతారు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు ప్రధానంగా రెండో దశలో అడుగుపెట్టేటప్పుడే చిక్కుకుపోతారు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవటం వారికి కష్టం. కంటిచూపులో గానీ తెలివిలో గానీ లోపం ఉండనక్కరలేదు.

2001లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధనలోనూ ఫ్రిత్ పాలుపంచుకున్నారు. ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాలకు చెందిన డిస్లెక్సియా బాధితుల మెదళ్లను చదివే వేళ స్కానింగ్ చేయగా, మూడు దేశాల వారిలోనూ ఎడమ భాగంలోని ఒకే ప్రాంతంలో చురుకుదనం తక్కువగా కనిపించింది. అయినా ఇటలీ వారు మిగతా ఇద్దరికన్నా తప్పులు తక్కువగా చదివారు. ఇటాలియన్‌లో అక్షరానికి, ధ్వనికి పొత్తు కుదిరి ఉంటుంది. ఇంగ్లిష్‌లో అటువంటి నియమం నిలవదు. 'బట్', 'పుట్' అన్న రెండు మాటల్లో నడిమి అక్షరం ఒకటే, పలికే తీరు వేరు. మెదడులోని కారణం ఒకటే అయినా లిపిని బట్టి బయటకు కనిపించే ఇబ్బంది మారుతుందన్నదే దీని సారాంశం.

తెలుగు పిల్లలకు వర్తించేదేమిటి?
తెలుగులో రాసినదే పలుకుతాం. ఆ మేరకు మన లిపి ఇటాలియన్‌కు దగ్గర. అయితే గుణింతాలు, ఒత్తులతో నేర్చుకోవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. మ-య, ద-ధ, బ-భ వంటివి చూపునకు దగ్గరగా ఉండి తికమక పెడతాయి. తెలుగుకు సోదరి వంటి కన్నడ లిపిపై సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అక్షరాలపై పూర్తి పట్టు సాధించటానికి పిల్లలకు నాలుగో తరగతి వరకూ సమయం పడుతుంది. కాబట్టి ఒకటో తరగతిలో ఒత్తులు రాలేదని బెంగపడనవసరం లేదు. మూడు, నాలుగు తరగతులకు వచ్చినా చదువు మరీ నెమ్మదిగా, కూడబలుక్కుంటూ సాగితే మాత్రం పరీక్ష చేయించటం మంచిది. తెలుగులో కనిపించని ఇబ్బంది ఇంగ్లిష్ మాధ్యమంలో చేరాక బయటపడే అవకాశం ఉంది. అటువంటప్పుడు తిట్టి, అదే పాఠాన్ని పదిసార్లు రాయించటం వల్ల ఫలితం ఉండదు. ధ్వనులను విడదీసి, కలిపి పలికించే సాధన క్రమపద్ధతిలో చేయించాలి. పరీక్షల్లో అదనపు సమయం ఇవ్వాలి.

ముందే గుర్తించాలి
ఏడాది నిండినా పేరుకు స్పందించకపోవడం, ఏడాదిన్నర దాటినా కావలసిన వస్తువును వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి కనిపిస్తే పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని ఊరుకోరాదు. ఆటిజాన్ని మాన్పే మందు లేదు. అలా మాన్పుతామనే ప్రకటనలను నమ్మి సొమ్ము పోగొట్టుకోవద్దు. చిన్న వయసులోనే మొదలుపెట్టిన శిక్షణతో మాట, నడవడిక మెరుగుపడతాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలను పరీక్షించి, అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ మేధో వైకల్యం ఉన్నవారికి సేవలందిస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు చేరాయి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది. ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఈ చట్టం కిందే అమలవుతుంది.

ఈ సౌకర్యాలన్నీ అందాలంటే ముందుగా ఇంట్లో, బడిలో పెద్దల చూపు మారాలి. పిలిస్తే పలకని బిడ్డను, చదవలేక తల దించుకున్న బిడ్డను దండించే ముందు ఇది వారి చేతుల్లో ఉన్న విషయమేనా అని ఒక్కసారి ప్రశ్నించుకోవాలి. కాదనే సమాధానాన్ని ఊటా ఫ్రిత్ నలభై ఏళ్ల కిందటే ప్రయోగశాలలో రాబట్టారు. అది ప్రతి పల్లె బడికీ చేరవలసి ఉంది.