మణికట్టునకు పట్టీ

కుడిచేతి మణికట్టు విఱిగినగాని దాని విలువ మనకు దెలియదు. గడచిన పుష్యమాసమున తడిసిన పెరటిరాతిపై కాలుజాఱి, అరచేయి నేల కానించి పడితిని. ఇట్లు పడినపుడు తఱచుగా విఱుగునది ముంజేతి యెముక చివరిభాగము. డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలెస్ 1814లో దీనిని వర్ణించెను గావున నేటికిని ఆతని పేరనే వ్యవహరింతురు. నాకు శస్త్రచికిత్స చేసి, లోహపుబిళ్లతో ఎముకను గూర్చి, కుట్లు తీసిన పిదప పట్టీ తొడిగిరి.

మొదటి చిక్కు గాజులతో వచ్చినది. ముత్తైదువ చేయి బోడిగా నుండరాదని మా అత్తగారు కంటనీరు పెట్టుకొనిరి. వాచిన చేతికి గాజులును ఉంగరములును ఉరులవంటివి; రక్తప్రసారము నడ్డగించును. ఎడమచేతికి రెండింతల గాజులు తొడిగించుకొని ఆమెను సమాధానపఱచితిని.

రెండవది నా తప్పు. మాఘము వచ్చినచో మా గుంటూరుసీమలో పండుమిరపకాయల పచ్చడి పెట్టని యిల్లు అరుదు. మూడవవారముననే, నొప్పి తగ్గినది గదా యని, పట్టీ తీసి రోకలి పట్టితిని. ఆ రాత్రి చేయి వాచి కంటికి కునుకు లేదు. మఱునాడు వైద్యులు ఎక్సురే తీయించి, ఎముక కదలలేదని చెప్పువఱకు నాలో ప్రాణము లేదు. నొప్పి తగ్గుట వేఱు, ఎముక యతుకుట వేఱు. అతుకుటకు సుమారు 6 వారములును, పూర్వబలము వచ్చుటకు నెలలును పట్టును.

అట్లని చేతిని కట్టెవలె నుంచరాదు. వ్రేళ్లను, మోచేతిని, భుజమును మొదటినుండియు కదల్పకున్నచో అవి బిగిసికొనిపోవును. కూర్చుండునపుడు చేతిని దిండుపై గుండెకంటె నెత్తుగా నుంచినచో వాపు తగ్గును. చెమటయు మిరపపొడియు పట్టీలో చేరి చర్మమును మండించును. వైద్యులు పట్టీ విప్పుట కనుమతించిన పిదప, లోపల పలుచని నూలుగుడ్డ చుట్టి దినదినము మార్చవలెను. వ్రేళ్లు నీలివర్ణమై చల్లబడినను, తిమ్మిరెక్కినను, పట్టీని సడలించి వెంటనే వైద్యుని జూడవలెను.

చేతియెముక విఱిగినవారు తొలుత మట్టిముద్దను, పిదప ఉప్పుగడ్డను, బలము వచ్చిన వెనుక రాతిని పట్టి అభ్యసింపవలెనని సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున చెప్పబడియున్నది. నేటివారు మెత్తని బంతి నిత్తురు. క్రమము మాత్ర మొక్కటే. వైద్యులు సరే యన్న పిదప నేను గోధుమపిండి ముద్దతో మొదలుపెట్టితిని.

కొన్నివారములు పని యాగిన ఇల్లు కూలదు. తొందరపడి చెడగొట్టుకొన్న చేయి జన్మమంతయు బాధింపవచ్చును. మీ యింట నెవరికైన ఇట్టి యాపద వచ్చినచో, రోకలి మీరందుకొని, ఆమెకు విశ్రాంతి నిండు.