రాబోవు ఆటభాగములకు ముందుగా సొమ్ము చెల్లించుట లాభమా?

గత సంవత్సరము క్రిస్మసు సెలవులు ముగిసి పాఠశాల తెరచిన దినములలో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మాయొద్దకు వచ్చి, తన అమ్మమ్మ పండుగకై యిచ్చిన సొమ్మును ఒక వీడియో గేముయొక్క సీజన్ పాసునకై వెచ్చింపవచ్చునా యని యడిగెను. ఆట వానియొద్ద నదివరకే యున్నది. వాడిప్పుడు కొనదలచినది ఆట కాదు; ముందుముందు వెలువడునని ఆటను చేసినవారు చెప్పుచున్న అనుబంధ భాగములు. అవి యింకను తయారు కాలేదు. “మాస్టరుగారూ, ఇప్పుడే కొన్నచో తక్కువకు వచ్చునట” అని వాడు తొందరపడుచుండెను. మే మానాడు వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఆటలన్నియు కాలహరణమని త్రోసిపుచ్చుట సులభమే గాని, వాడడిగినది ఆ ప్రశ్న కాదు. సొమ్మును గూర్చిన ప్రశ్న. కావున కొంత విచారించి తెలిసికొన్న సంగతుల నిచ్చట వ్రాయుచున్నాము. ఇట్టి యాటలు ఇంటింట చేరియున్న యీ దినములలో తలిదండ్రులకును ఇవి యుపయోగపడవచ్చును.

మొదట ఈ వస్తు వెట్టిదో చెప్పవలెను. ఒక పెద్ద ఆట వెలువడిన పిదప, దానికి క్రొత్త కథలు, క్రొత్త ప్రదేశములు, క్రొత్త పాత్రలు చేర్చి మరల అమ్ముట చిరకాలముగా నున్న యాచారమే. 1997లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అను ఆటకు 1998లో ‘ది రైజ్ ఆఫ్ రోమ్’ అను అనుబంధము వచ్చినది. ఆ కాలమున అనుబంధము పూర్తియైన తరువాతనే పెట్టెలో పెట్టి అంగడికి పంపెడివారు. కొనువాడు పెట్టెను త్రిప్పి చూచి, ఆడినవారి నడిగి, ఇష్టమైనచో కొనెడివాడు. ఇంటర్నెట్టు ద్వారా ఆటలమ్ముట పెరిగిన తరువాత ఈ క్రమము మారినది. 2011లో ‘ఎల్.ఏ. నోయిర్’, ‘గేర్స్ ఆఫ్ వార్ 3’ మొదలగు ఆటలతోబాటు, రాబోవు భాగములన్నిటికి కలిపి ఒకేసారి సొమ్ము పుచ్చుకొను పద్ధతి వాడుకలోనికి వచ్చి, త్వరలోనే అంతట వ్యాపించినది. దానికే సీజన్ పాసని పేరు. ఈ పేరు వినగానే మన పెద్దలకు రైలు సీజన్ టిక్కెట్టు జ్ఞాపకము వచ్చును. పోలిక కొంతవరకే చెల్లును. రైలు టిక్కెట్టు కొన్నవానికి రైలు ప్రతిదినము నడుచుచుండుట కంటికి కనబడుచున్నది. ఇచ్చట బండి యింకను కార్ఖానాలోనే యున్నది. ఒక్కొక్కప్పుడు కాగితముమీద గీత మాత్రమే యై యున్నది.

అమ్మువారు దీనినేల కోరుదురనగా, ఆట వెలువడిన దినమున కొనువారి యుత్సాహము మిక్కిలి హెచ్చుగా నుండును. ఆరు నెలలు గడచునప్పటికి అనేకులు ఆటను ముగించియో విసుగుచెందియో వేరొకదానికి మరలుదురు. కనుక ఉత్సాహమున్న నాడే రేపటి భాగముల సొమ్ము చేతికి వచ్చిన వారికి మేలు. ఇందులో మోసమేమియు లేదు. ఆ సొమ్ముతో పనివారికి జీతములిచ్చి భాగములు చేయువారును కలరు. కాని కష్టనష్టముల భారము ఎవరి తలపై పడినదో చూడవలెను.

నూజివీడు ప్రాంతమువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మామిడితోట పూతమీద నుండగానే వర్తకుడు వచ్చి గుత్తకు మాటలాడుకొనును. పూత రాలిపోవచ్చును, పిందెలు గాలివానకు నేలపాలు కావచ్చును. ఆ నష్టమునకు తాను తల యొగ్గుచున్నాడు గనుక వర్తకుడు కాయధర కంటె ఎంతో తక్కువకు బేరమాడును. రైతు దాని కొప్పుకొనును. నష్టభయ మెవనిదో వానికే ధరలో తగ్గింపు దక్కవలెననునది వారిద్దరికిని తెలిసిన న్యాయము. సీజన్ పాసు కొనువాడును పూతమీద తోటను కొనుచున్నవాడే. అయితే వానికి దక్కు తగ్గింపు ఎంత?

లెక్క చూతము. 2012లో వచ్చిన ‘బోర్డర్‌లాండ్స్ 2’ అను ఆటకు నాలుగు పెద్ద అనుబంధములు వచ్చినవి. విడివిడిగా ఒక్కొక్కటి దాదాపు 10 డాలర్లు. పాసు దాదాపు 30 డాలర్లు. నాలుగింటిని తప్పక కొనువానికి పది డాలర్లు మిగిలినవి. మూడింటితో తృప్తిపడువానికి మిగిలినది శూన్యము. రెండింటితో ఆపువానికి పది డాలర్లు నష్టము. ఆ నాలుగు భాగములును వచ్చినవి గనుక ఈ లెక్కయైనను నిలిచినది. ఆ పిమ్మట వచ్చిన చిన్న భాగములు పాసులో చేరలేదని మాత్రము గుర్తుంచుకొనవలెను. పాసనగా సమస్తమును వచ్చునని తలచుట పొరబాటు.

ముందుసొమ్మునకు తగిన ప్రతిఫలము దక్కిన సందర్భములలో మేలైనది పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ రెడ్ వారి ‘ది విచర్ 3’. ఆట 2015 మే నెలలో వచ్చినది. రెండు భాగములకు కలిపి పాసు 25 డాలర్లు. మొదటిది ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’ అదే సంవత్సరము అక్టోబరులోను, రెండవది ‘బ్లడ్ అండ్ వైన్’ 2016 మే నెలలోను వెలువడినవి. విడిగా కొన్నవారికి పది, ఇరువది వంతున మొత్తము 30 డాలర్లయినది. రెండవ భాగము ఎంత ప్రశంస పొందినదనగా, 2016లో ‘ది గేమ్ అవార్డ్స్’ సభలో పాత్రపోషణపు టాటలలో ఉత్తమమైనదిగా దానికే బహుమాన మిచ్చిరి. మాకు మిక్కిలి నచ్చిన సంగతి వేరొకటి. ఆ సంస్థాపకులలో నొకరగు మార్చిన్ ఇవిన్‌స్కీ పాసును ప్రకటించునప్పుడే, సందేహమున్నవారు ఇప్పుడు కొనవద్దనియు, ఆట వచ్చినపిదప తాము నమ్మువారి అభిప్రాయము తెలిసికొని నిశ్చయించుకొనుడనియు చెప్పెను. అమ్మువాడే యిట్లు చెప్పుట అరుదు. ఆ మాట విని ఆగినవారు నష్టపోయినది అయిదు డాలర్లు మాత్రమే. 2016 ఆగస్టున ఆటను రెండు భాగములతో కలిపి ఒకే కూర్పుగా, తొలినాడు ఒక్క యాటకు పుచ్చుకొన్న వెలకంటెను తక్కువకే అమ్మిరి గనుక, ఇంకను ఓపిక పట్టినవారు లాభమే పొందిరి.

ఇక రెండవ ప్రక్క చూడవలెను. పట్టణములను నిర్మించి పాలించు ‘సిటీస్: స్కైలైన్స్ 2’ అను ఆట 2023 అక్టోబరులో వచ్చినది. చేసినవారు ఫిన్లాండులోని కొలోసల్ ఆర్డర్ వారు. ప్రకటించినవారు స్వీడను దేశపు పారడాక్స్ వారు. ఆట మాత్రమే కావలసినవారికి 50 డాలర్లు, రాబోవు అనుబంధములతో కలిపి 90 డాలర్లు. మంచి కంప్యూటర్లమీద సయితము ఆట నత్తనడక నడచుచున్నదని కొన్నవారు మొరపెట్టుకొనిరి. తప్పులు దిద్దుట ముగియకమునుపే, 2024 మార్చిలో, సముద్రతీరపు ఇండ్లతో కూడిన చిన్న భాగమొకటి వెలువడెను. కొన్నవారిలో దానిని మెచ్చుకొన్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. ఏప్రిలులో రెండు సంస్థలవారును బహిరంగముగా క్షమాపణ చెప్పి, ఆ భాగమును అందరికి ఉచితముగా నిచ్చి, విడిగా కొన్నవారి సొమ్మును తిరిగి యిచ్చుటకు పూనుకొనిరి. ముందుగా 90 డాలర్లు చెల్లించినవారికి మాత్రము సొమ్ము రాలేదు. దానికి బదులు మరికొన్ని కట్టడముల సంపుటములును రేడియో సంగీతమును అదనముగా నిత్తుమనిరి. 2024లో రావలసిన ‘బ్రిడ్జెస్ అండ్ పోర్ట్స్’ అను పెద్ద భాగము 2025నకు వాయిదా పడినది.

ఇచ్చట చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. ఆటమీద ఎక్కువ ప్రేమ గలవారే ముందుగా చెల్లించిరి. ఆగి విడిగా కొన్నవారికి సొమ్ము తిరిగి దొరకినది, వీరికి దొరకలేదు. ఆ సంస్థలవారు దుర్మార్గులని మేము చెప్పుట లేదు. ఒప్పుకొని క్షమాపణ కోరినవారిని దుర్మార్గులనరాదు. కట్టగట్టి అమ్మినదానిలో ఒక్క పుల్ల విరిగినచో దాని వెల యింతయని తేల్చుట కష్టము.

దీనికంటె కఠినమైనది టెల్‌టేల్ వారి ఉదంతము. కాలిఫోర్నియాలోని ఈ సంస్థ కథలను అధ్యాయములుగా చేసి అమ్ముటలో పేరుపొందినది. ‘ది వాకింగ్ డెడ్’ కథయొక్క చివరి భాగమును నాలుగధ్యాయములుగా నిత్తుమని నాలుగింటికి కలిపి వెల ముందుగానే పుచ్చుకొనిరి. మొదటి యధ్యాయము 2018 ఆగస్టులో వచ్చెను. సెప్టెంబరు 21వ తేదీని సంస్థ తన పనివారిలో ఇంచుమించుగా అందరిని తొలగించి, ఇరువదియైదు మందిని మాత్రము మిగిల్చుకొనెను. అప్పటికే సిద్ధమైన రెండవ యధ్యాయము కొలది దినములకు వెలువడెను. పిమ్మట నేమగునో ఎవరును చెప్పజాలకపోయిరి. ఉద్యోగములు పోయినవారి దుఃఖము ముందు ఆటగాండ్ర ఇరువది డాలర్లు అల్పమే. అయినను ఎనిమిదేండ్ల పసిపాపగా మొదటి కథలో కనబడిన క్లెమెంటైన్ చివరకేమైనదో తెలియకుండ పోవునేమో యని వారు చింతించుట సహజము. ఆ కథను సృష్టించిన రచయితయగు రాబర్టు కిర్క్‌మన్ సంస్థ స్కైబౌండ్ ముందుకు వచ్చి పనిని చేపట్టెను. మిగిలిన రెండధ్యాయములు 2019 జనవరి, మార్చి నెలలలో వెలువడినవి. ముందు చెల్లించినవారి సొమ్ము దక్కినది. ఎవడో దాత పూనుకొనకున్న ఏమగునో ఊహింపవచ్చును. మేమును ఒక మాసపత్రికకు మూడేండ్ల చందా నొక్కసారి కట్టి ఏడు సంచికలతో తృప్తిపడిన వారమే గనుక ఈ సంగతి కొంచెము హెచ్చుగా వ్రాసితిమి.

సొమ్ము తిరిగి యిచ్చు నియమములు లేవా యని తలిదండ్రు లడుగవచ్చును. కలవు. కంప్యూటరు ఆటలమ్ము ‘స్టీమ్’ అంగడిలో, కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు తక్కువగా ఆడియున్నచో అడిగినవారికి సొమ్ము తిరిగి యిత్తురు. కాని పాసులోని భాగము ఆరు నెలలకు వచ్చును. అది బాగున్నదో లేదో తెలియునప్పటికి పదునాలుగు దినములు ఎన్నడో గడచియుండును. ఈ కొరతను గుర్తించియే కాబోలు, 2024 నవంబరులో ఆ అంగడివారు క్రొత్త నిబంధనలు ప్రకటించిరి. పాసు అమ్మువారు ప్రతి భాగమునందు ఏమి యుండునో, అది యెప్పుడు వచ్చునో ముందుగానే తెలుపవలెను. తేదీని ఒక్కమారు, మూడు నెలలవరకు మార్చుకొనవచ్చును. ఏ భాగమైనను రద్దయినచో దాని విలువ కొన్నవారికి తిరిగి యీయవలెను. ఇది మంచి కట్టుబాటే. అయితే రాని భాగమునకే ఇది రక్షణ. వచ్చినది నాసిగా నున్నచో దీనివలన ప్రయోజనము లేదు.

తొందర పెట్టు మాట యొకటి మిగిలియున్నది: తరువాత ధర హెచ్చునని. అది యొక్కొక్కప్పుడు నిజమే. ‘ఫాలౌట్ 4’ అను ఆటకు పాసు మొదట 30 డాలర్లుండగా, అనుకొన్నదానికంటె ఎక్కువ భాగములు చేయుచున్నామని చెప్పి 2016 మార్చి 1వ తేదీనుండి 50 డాలర్లు చేసిరి. ముందుగా కొన్నవారికి ఇరువది డాలర్లు కలిసి వచ్చినవి. కాని సామాన్యముగా ఆటల వెల కాలము గడచినకొలది దిగును గాని యెక్కదు. మామిడిపండు ఆగినవానికి దొరకకపోవచ్చును. ఆట యట్లు తరిగిపోవు వస్తువు కాదు. 2017లో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ భాగములను విడిగా అమ్మలేదు, 20 డాలర్ల పాసుగానే యమ్మిరి. అయినను రెండవ భాగము డిసెంబరులో వచ్చిన తరువాత రెండింటిని చూచి కొనుటకు అడ్డేమియు లేకపోయినది. 2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ వారు రెండేండ్లవరకు ముందుసొమ్ము అడుగనే లేదు. 2024లో అనుబంధము రూపు దాల్చిన తరువాతనే దానికి వెల కట్టిరి.

స్నేహితులతో కలిసి ఆడు ఆటల సంగతి మాత్రము వేరు. 2015నాటి ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్’ ఆటకు పాసు 50 డాలర్లు. అది లేనివారికి క్రొత్త రణరంగములలో ప్రవేశము లేకపోయినది. నలుగురు మిత్రులలో ముగ్గురు కొన్నచో నాలుగవవాడు ఒంటరి యగును. 2017లో రెండవ ఆట వచ్చినపుడు ఆ పాసును మానివేసిరి. ఇట్టి యాటలో వాడు కొనునది భాగమును కాదు, స్నేహితుల సాంగత్యమును. దానికి మేము లెక్క కట్టజాలము.

మావద్దకు వచ్చిన విద్యార్థితో కూర్చుండి వాని పాసుయొక్క ప్రకటనను చదివితిమి. నాలుగు భాగములు వచ్చునని యున్నది. పేర్లు లేవు, తేదీలు లేవు. వాడాడు ఆట ఒంటరిగా ఆడునదే. “మాస్టరుగారూ, అయితే ఇందులో నేను కొనుచున్న దేమి?” అని వాడు తానే యడిగి, సొమ్మును తిరిగి సంచిలో వేసికొనెను. మొదటి భాగము ఆగస్టులో వచ్చినది. రెండు వారములు ఇతరులు చెప్పినది విని దానిని మాత్రము కొనెను. పాసులో పడు ధరకంటె వానికి కొంత హెచ్చే యైనది. తక్కిన మూడు ఇంకను రాలేదు.