అనుమానం ఇన్‌బాక్సులో దూరితే...

"మన మధ్య దాపరికాలేమిటి? నీ మెయిల్ పాస్‌వర్డ్ చెప్పు, నాదీ చెప్తాను."

నిశ్చితార్థమై నెల తిరక్కుండానే కాబోయే భర్త నోట ఈ మాట వింటున్న అమ్మాయిలు మన చుట్టూ చాలామందే వున్నారు. అడిగే తీరు ముద్దుగానే వుంటుంది. వినే అమ్మాయికీ ముచ్చటగానే వుంటుంది. 'నేనంటే ఎంత ప్రేమో!' అనుకుని చెప్పేస్తుంది. వారం తిరక్కుండా ఫోను. "మీ ఆఫీసులో అతను రాత్రి పదింటికి నీకు మెయిల్ పంపాల్సిన అవసరమేమిటి?" మరో పదిరోజులకి ఇంకో ఫోను. "కాలేజీ ఫ్రెండుకి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపావు. నాకు మాటమాత్రం చెప్పలేదేం?"

పెళ్లి దగ్గరపడేసరికి ఆ పిల్లకి మెయిల్ రాయాలంటేనే చెయ్యి ఆడదు. రాసిన ప్రతి వాక్యాన్నీ 'ఇది ఆయన చదివితే ఏమనుకుంటారో' అని రెండుసార్లు చూసుకుంటుంది. చిన్ననాటి స్నేహితురాలికి మనసులో మాట రాయాలన్నా జంకే. తను ఏ తప్పూ చేయలేదు. అయినా తప్పు చేసినదానిలా బతకడం మొదలుపెట్టింది. ఆలోచించాల్సింది ఇక్కడే.

ఇన్‌లాండ్ లెటర్ నాటి నుంచీ...

ఈ జబ్బు కంప్యూటర్లతో వచ్చిందని అనుకోవడానికి లేదు. కొత్త కోడలికి పుట్టింటి నుంచి వచ్చిన ఇన్‌లాండ్ లెటర్‌ని అత్తగారో, ఆడపడుచో ముందు విప్పి చదివాకే ఆమె చేతికిచ్చిన ఇళ్లు మనకి తెలుసు. 'ఇక్కడంతా క్షేమం' అన్న మాట తప్ప మరోటి రాయలేక, ఆ నాలుగు అక్షరాల వెనకే కష్టమంతా దాచుకున్న ఆడపిల్లల్నీ ఎరుగుదుం. ఉత్తరం చించితే ఆ చిరుగైనా కనిపించేది. ఎవరో చదివారని తెలిసేది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. మరుసటి ఏడాదే హాట్‌మెయిల్ వచ్చింది. పోస్ట్‌మ్యాన్‌తో, అత్తగారితో పనిలేకుండా ఒక ఆడపిల్ల తన పేరు మీద తను ఉత్తరాలు అందుకోవడం అప్పుడే సాధ్యమైంది. అయితే మెయిల్‌కి చిరుగు లేదు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు వేల మైళ్ల దూరాన కూర్చునైనా చదువుకోవచ్చు. చదివి మళ్లీ 'చదవనిది'గా మార్చి పెట్టొచ్చు. కొత్త మెయిళ్లన్నీ తమక్కూడా ఒక కాపీ వచ్చేలా ఒక్కసారి సర్దిపెడితే, ఆపైన పాస్‌వర్డ్ వాడాల్సిన పనే వుండదు.

వెతికేకొద్దీ పెరిగేది

'ఒక్కసారి చూస్తే నా అనుమానం తీరిపోతుంది కదా' అంటారు. తీరదు. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అన్లేదు.

మెయిల్‌లో మాట వుంటుంది గానీ గొంతు వుండదు. పక్క సీటు ఉద్యోగి రాసిన 'నువ్వు లేకపోతే ఈరోజు నా పని అయిపోయేదే' అన్న వాక్యం ఆఫీసులో వాళ్లకి నవ్వులాట. ఇంట్లో అర్ధరాత్రి ఒంటరిగా చదివేవారికి అది సాక్ష్యం. పైగా అనుమానించే మనసు తను ముందే నమ్మినదానికి ఆధారాలు మాత్రమే ఏరుకుంటుంది. ఏమైనా దొరికితే 'చూశావా!' అంటుంది. ఏమీ దొరక్కపోతే 'చెరిపేసి వుంటుంది' అంటుంది. ఇక నిర్దోషిగా బయటపడే దారేది?

షేక్స్‌పియర్ ఒథెల్లో నాటకంలో జరిగిందీ ఇదే. భార్య చేతిరుమాలు మరొకరి దగ్గర కనిపించింది. అది అక్కడికెలా చేరిందో ఒథెల్లో నిదానంగా విచారించలేదు. చెప్పుడు మాట విని, ఏ పాపమూ ఎరుగని డెస్డిమోనా ప్రాణం తీశాడు. ఆనాటి చేతిరుమాలే ఇవాళ మెయిల్‌గా, మెసేజ్‌గా వేషం మార్చుకుంది.

అనుమానం శ్రుతి మించి, ఎంత చెప్పినా, ఏం చూపించినా వదలని స్థితికి చేరితే దాన్ని వైద్యులు జబ్బుగానే పరిగణిస్తారు. 1955లో టాడ్, డ్యూహర్స్ట్ అనే ఇద్దరు వైద్యులు దానికి 'ఒథెల్లో సిండ్రోమ్' అని పేరు కూడా పెట్టారు. తాగుడు అలవాటున్న వారిలో ఇది కనిపించడం డాక్టర్లకి కొత్త కాదు. దీనికి చికిత్స వుంది. 'ఆయన స్వభావమే అంత' అని సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చేసి కూడా సలహా అడగొచ్చు.

మనమూ తక్కువ తిన్లేదు!

ఇదంతా మగవాళ్ల మీద నేరారోపణ కాదు. భర్త స్నానానికి వెళ్లగానే ఆయన ఫోను అందుకునే ఇల్లాళ్లు లేరా? అమెరికాలో వున్న కాబోయే అల్లుడి మెయిల్ తెరిచే ఉపాయం ఏదైనా వుందా అని తెలిసిన కంప్యూటర్ కుర్రాణ్ణి అడిగే తల్లులు లేరా? 'మోసపోకూడదు కదండీ' అన్నది వారి వాదన. ఆ భయం అబద్ధమని అనలేం. మోసపోయిన ఆడపిల్లలు మన కళ్లెదుటే వున్నారు. అయితే ఆ భయానికి మందు, అబ్బాయి ఉద్యోగం, చదువు, కుటుంబం గురించి పెళ్లికి ముందే పదిమందినీ అడిగి బాహాటంగా విచారించుకోవడం. దొంగచాటుగా ఉత్తరాలు చదవడం కాదు.

పట్టుబడితే ఏమవుతుందో కూడా చూడండి. నిజంగా తప్పు చేసిన మనిషి సైతం, 'నా మెయిల్ ఎందుకు తెరిచావ్?' అని ఎదురు తిరుగుతాడు. అసలు ప్రశ్న పక్కకి పోతుంది. న్యాయం అడగాల్సిన ఇల్లాలు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఇవ్వడం వేరు, లాక్కోవడం వేరు

భార్యాభర్తలు పాస్‌వర్డ్‌లు చెప్పుకోవడమే తప్పా? కానే కాదు. పిల్లల స్కూలు ఫీజు రసీదులు, గ్యాస్ బిల్లులు, రైలు టిక్కెట్లు, బ్యాంకు కాగితాలు అన్నీ మెయిల్‌కే వస్తున్న రోజులివి. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవారు చూసుకోవాలి. చాలా ఇళ్లలో భార్యకి మెయిల్ తెరిచిపెట్టింది కూడా భర్తే. మరి సర్దుబాటుకీ, నిఘాకీ తేడా ఎలా తెలుస్తుంది?

ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. 'వద్దు' అని చెప్పగలరా? చెప్పినా ఇంట్లో అన్నం మామూలుగా ఉడుకుతుందా? అలా అయితే అది సర్దుబాటు. 'వద్దు' అన్న మరుక్షణం అలకలు, అరుపులు, పుట్టింటికి ఫోన్లు మొదలైతే అది నిఘా. కాదనే వీలున్నచోటే అవుననడానికి విలువ. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మీ మెయిల్‌లో వున్నవి మీ రహస్యాలు మాత్రమే కాదు. మీ చెల్లెలు తన కాపురం గురించి మీకొక్కరికే రాసుకున్న మాటలుంటాయి. స్నేహితురాలి ఆరోగ్య సమస్య వుంటుంది. వాటిని మూడోవారికి చూపించే హక్కు మీకూ లేదు.

చట్టం ఏమంటోంది?

'మొగుడూ పెళ్లాల మధ్య చట్టమేమిటి?' అంటారేమో. వుంది మరి.

నిర్భయ ఘటన తర్వాత 2013లో చట్టాన్ని సవరించినప్పుడు, ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈ-మెయిల్ వాడకాన్ని పురుషుడు కనిపెట్టి చూడటాన్ని వెంటాడి వేధించే నేరాల్లో చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ సెక్షను. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకూ, మళ్లీ చేస్తే అయిదేళ్ల వరకూ జైలు, జరిమానా. చట్ట ప్రకారం చేసిన పని అనో, ఆ పరిస్థితుల్లో సమంజసమైనదే అనో రుజువు చేసుకున్నవారికి మినహాయింపు వుంది గానీ, 'భర్త' అన్న హోదాకి విడిగా మినహాయింపేమీ రాయలేదు.

ఐటీ చట్టంలోని 66సి సెక్షను ఆడా మగా అందరికీ వర్తిస్తుంది. దురుద్దేశంతో, మోసపూరితంగా మరొకరి పాస్‌వర్డ్ వాడితే మూడేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా. ఇక నిఘాతో పాటు తిట్లు, అవమానాలు, బెదిరింపులు వుంటే 2005 నాటి గృహహింస చట్టం కింద అది మానసిక హింస కూడా అవుతుంది.

మన హైకోర్టు ముందుకే ఇలాంటి కేసొకటి వచ్చింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోనులో మాట్లాడిన మాటల్ని ఆమెకి తెలియకుండా భర్త రికార్డు చేశాడు. వాటిని విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టబోయాడు. 2007 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. కన్నవారితో మాట్లాడే మాటల విషయంలో కూడా భార్యని నమ్మలేకపోతే ఇక పెళ్లికి అర్థమే లేదన్నట్టు వ్యాఖ్యానించింది. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది.

అయితే 2025 జూలైలో వచ్చిన తీర్పు కూడా తెలుసుకోవాలి. భార్యాభర్తల సంభాషణని ఒకరు రహస్యంగా రికార్డు చేసినా, విడాకుల కేసులో దాన్ని సాక్ష్యంగా పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చారంటేనే ఆ కాపురంలో నమ్మకం చచ్చిపోయిందన్నమాట అని కూడా అంది. అంటే నిఘా కోర్టులో పనికొస్తే రావచ్చు, కాపురానికి మాత్రం పనికిరాదు.

ఎవరో చదువుతున్నారనిపిస్తే...

జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిస్తే ఇన్‌బాక్సు అడుగున 'లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ' అని వుంటుంది. పక్కనున్న 'డీటెయిల్స్' నొక్కితే ఎప్పుడెప్పుడు తెరిచారో తెలుస్తుంది.

సెట్టింగ్స్‌లో 'ఫార్వర్డింగ్', 'ఫిల్టర్స్' రెండూ చూడండి. మీకు తెలియని అడ్రసు వుంటే మీ ఉత్తరాలు అక్కడికీ వెళ్తున్నట్టే.

గూగుల్ అకౌంట్‌లో 'సెక్యూరిటీ' అన్నచోట మీ అకౌంట్ ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి వుందో కనిపిస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే ఎవరి ఫోనుకి కోడ్ వెళ్తుందో కూడా అక్కడే చూసుకోండి. అది మీ నంబరు కాకపోతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం వుండదు. వాట్సాప్‌లో అయితే 'లింక్డ్ డివైసెస్' చూడాలి.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి వుంటే, ఉన్నట్టుండి పాస్‌వర్డ్ మార్చడం ప్రమాదం తెచ్చిపెట్టొచ్చు. ముందు నమ్మకస్తులైన స్నేహితురాలి ఫోను నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి చేసి మాట్లాడండి. భద్రంగా వుండే చోటు చూసుకున్నాకే ఏ మార్పయినా.

అడగాల్సింది పాస్‌వర్డ్ కాదు

అనుమానం రావడం పాపం కాదు. మనిషన్నాక భయాలుంటాయి. చేతులు దాటిపోతుందేమోనన్న బెంగ వుంటుంది. ఆ బెంగని బెంగగానే చెప్పుకోవచ్చు. "ఈమధ్య నువ్వు నాతో సరిగా మాట్లాడ్డంలేదు. నాకు దిగులుగా వుంది" అని అడిగితే సమాధానం చెప్పడానికి ఎదుటివారికి వీలుంటుంది. "పాస్‌వర్డ్ చెప్పు" అంటే చెప్పడమో, దాచడమో తప్ప మరో దారి వుండదు. అడిగినా జవాబు రాకపోతే, డబ్బు లెక్కలు తేలకపోతే, చెప్పే మాటకీ చేసే పనికీ పొంతన లేకపోతే, పెద్దల్లో కూర్చోబెట్టి అడగండి. కౌన్సెలింగ్‌కి వెళ్లండి. అవసరమైతే లాయర్ని కలవండి. అవన్నీ తలెత్తుకుని చేసే పనులు.

పెళ్లి కావలసిన అమ్మాయిలకి చివరగా ఒక మాట. కాబోయేవాడు పాస్‌వర్డ్ అడిగితే కోపం తెచ్చుకోవద్దు. "మా అక్కా, నా ఫ్రెండ్సూ నన్ను నమ్మి రాసుకున్నవి అందులో వున్నాయి. అవి చూపించలేను. నా గురించి మీకేం తెలుసుకోవాలని వుంటే అది నన్నే అడగండి, చెప్తాను" అనండి. అర్థం చేసుకుని నవ్వేస్తే మంచి మనిషి దొరికినట్టే. మొహం మాడ్చుకుని, "అయితే ఏదో వుందన్నమాట" అంటే, శుభలేఖలు అచ్చుకివ్వక ముందే ఆ మాట అమ్మానాన్నల చెవిన వేయండి.